బోర్డు పోలేదు, జత తప్పింది

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం జిల్లా పేజీలో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది పిల్లలు ప్రాజెక్టులు చేయడం మానేసి దుకాణాల్లో కొనుక్కుంటున్నారని రాశారు. అబద్ధమని నేననను. కానీ ఎందుకు కొంటున్నారో మాత్రం రాయలేదు. అది మా ఇంట్లో మూడు రోజులు నా కళ్ల ముందే జరిగింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైంది, చోటు లేకపోతే కత్తిరించుకోండి. తీగల రంగుల వరస రాసిన చోట మాత్రం కత్తెర పెట్టకండి. అక్కడ ఒక్క రంగు అటూ ఇటూ అయితే మా ఇంట్లో వచ్చిన ఫాల్టే మీ పేపర్ చదివినవాళ్ల ఇళ్లలోనూ వస్తుంది.

నేను విశాఖ టెలిఫోన్స్‌లో కేబుల్ జాయింటర్‌గా పనిచేశాను. 2000 అక్టోబర్‌లో మా శాఖ బీఎస్ఎన్ఎల్ అయింది. 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకుని ఇంటికొచ్చాను. డాబాగార్డెన్స్ నుంచి గోపాలపట్నం దాకా ఎన్ని గోతుల్లో కూర్చుని ఎన్ని వేల తీగల జతలు కలిపానో లెక్క లేదు. కంప్యూటర్ సంగతి అంటారా, ఫోన్‌లో పెన్షన్ మెసేజ్ చూసుకోవడం వరకే నా పరిజ్ఞానం. కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌లో లినక్స్ అని ఒకటుందని మా మనవరాలి నోటే మొదటిసారి విన్నాను. కాబట్టి ఇందులో కమాండ్ల ముక్కలన్నీ ఆ పిల్ల చెప్పినవి, తీగ గురించి రాసింది నాది.

మనవరాలు ఇక్కడే ఒక కాలేజీలో ఈసీఈ చదువుతోంది. కాలేజీ పేరు అడక్కండి. ప్రాజెక్టు గెడ్డ మీద, అంటే వాగు మీద. వానాకాలం మన ఊళ్లో గెడ్డలు ఎలా పొంగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు, ప్రతి ఏడూ ఫొటోలు వేస్తూనే ఉన్నారు. గెడ్డ గట్టున ఒక పెట్టె పెట్టి, నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో నిమిషానికోసారి కొలిచి పంపడం దాని పని. పెట్టెలో ఉండేది బీగిల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు. 2013లో వచ్చిన రకం, ఏటీఎం కార్డుకి అటూ ఇటూగా ఉంటుంది, లోపల లినక్స్ నడుస్తుంది. దానికి వైఫై లేదు. ఉన్నా ఇనప పెట్టెలో పెట్టి మూత వేశాక ఏం అందుతుంది? అందుకని తీగ లాగాలనుకున్నారు. గట్టు పక్కనున్న ఇంటివాళ్లు మా రూటర్ నుంచి లాక్కోండమ్మా అన్నారట. మంచివాళ్లు.

శుక్రవారం సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. సోమవారం రివ్యూ. బోర్డులో నెట్ రావట్లేదట. వారం రోజుల్లో మూడుసార్లు ఎస్‌డీ కార్డు తుడిచి మొత్తం లినక్స్ కొత్తగా ఎక్కించిందట. సీనియర్ ఒకడు చూసి ‘నెట్ తీగని చూసుకునే ఫై చిప్ కాలిపోయింది, కొత్త బోర్డు కొనుక్కో’ అన్నాడట. గైడ్‌గారు అసలు చూడనే లేదు, ‘అవతల దుకాణంలో రెడీమేడ్‌గా ఇస్తారు కదమ్మా, టైమెందుకు వేస్ట్’ అన్నారట. ఆ దుకాణంవాడు పెట్టె, బోర్డు, కోడు, బైండింగ్ చేసిన రిపోర్టు అన్నీ కలిపి పన్నెండు వేలు చెప్పాడు. ఆ పన్నెండు వేలు అడగడానికే పిల్ల మా ఇంటికొచ్చిందని నాకు అర్థమయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది.

డబ్బు సంగతి తర్వాత, ముందు ఫాల్ట్ ఎక్కడుందో చూద్దాం పద అన్నాను. ‘నీకేం తెలుస్తుంది తాతయ్యా, ఇది లినక్స్’ అంది. అవతల ఏదైతేనేం, మధ్యలో ఉన్నది రాగి తీగే కదా.

మా పనిలో మొదట నేర్పేది ఒక్కటే. లైను చచ్చిపోతే ముందు ఫోన్ మార్చకు, ముందు ఎక్స్చేంజీని తిట్టకు. మధ్యలో ఎక్కడో ఒకచోట లైను తెంపి రెండు వైపులా చూడు. ఎక్స్చేంజీలో లైన్లన్నీ చేరే చట్రం ఎండీఎఫ్, అక్కడి నుంచి వీధిలో పిల్లర్ అనే పెద్ద పెట్టె, పిల్లర్ నుంచి ఇళ్లకి లైన్లు చీలే డీపీ బాక్సు, బాక్సు నుంచి ఇల్లు. పిల్లర్ దగ్గర టోన్ వస్తే పైన అంతా బాగున్నట్టు, ఇక ఆ వైపు తలెత్తి చూడక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా చీకటైనప్పుడు కూడా ఇలా సగం సగం చేసుకుంటూనే లైన్లు లేపాం. ప్రతి జాయింటూ విప్పుకుంటూ కూర్చుంటే ఈనాటికీ విప్పుతూనే ఉండేవాళ్లం.

అదే లెక్కన పిల్లని అడిగాను. బోర్డు బతికే ఉందా? ఉంది. ఎలా తెలుసు? దానికి చిన్న యూఎస్‌బీ తీగ ఒకటి ఉంటుంది. అది ల్యాప్‌టాప్‌కి పెడితే ఆ తీగ మీదే బోర్డు ఒక నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది, 192.168.7.2 అనే అడ్రసులో పలుకుతుంది. పెట్టి చూసింది, పలికింది. మరి లోపల లినక్స్ బాగానే ఉన్నట్టేగా, మూడుసార్లు కార్డు తుడవడం ఎందుకు అన్నాను. సమాధానం లేదు. అందరూ అదే చేస్తారట. నెట్ రాకపోతే కార్డు తుడుస్తారట. గుమ్మం తలుపు బిగుసుకుంటే ఇల్లు కూల్చి కట్టుకున్నట్టు.

ఇక గుమ్మం చూద్దామన్నాను. నెట్ కేబుల్ పెట్టే సాకెట్‌కి రెండు బుల్లి లైట్లుంటాయి. రెండూ చచ్చి ఉన్నాయి. ‘ఐపీ లింక్’ అనే కమాండ్ కొట్టింది, ‘నో క్యారియర్’ అని వచ్చింది. క్యారియర్ మా మాటే, నాకు ముచ్చటేసింది. అంటే అవతలి వైపు నుంచి ఊపిరి అందట్లేదన్న మాట. బోర్డు లేచేటప్పుడు లోపల రాసుకునే దినచర్య ఒకటి ఉంటుందట, ‘డీమెసేజ్’ అని కొడితే కనిపిస్తుంది. అందులో వెతికితే ‘ఫై నాట్ ఫౌండ్’ అని దొరికింది. సీనియర్ చెప్పింది నిజమేనేమో అని పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నేను బోర్డుకి కరెంటు తీగ పీకి, పది లెక్కపెట్టి మళ్లీ పెట్టాను. అంతే. మా ఎక్స్చేంజీలో కార్డు మొరాయిస్తే జాక్ అవుట్, జాక్ ఇన్ చేసేవాళ్లం, ఆ అలవాటు. లైట్లు రెండూ వెలిగాయి.

ఇందులో మాయేమీ లేదు. రాత్రంతా చదివి పిల్లే కారణం పట్టింది. ఫై అనేది తీగకీ ప్రాసెసర్‌కీ మధ్య నిలబడే చిప్పు. కరెంటు రాగానే అది తన కాళ్ల మీద ఏ ఏ వోల్టేజీ ఉందో చూసుకుని, దాన్నిబట్టి తన ఇంటి నంబరు తానే రాసుకుంటుందట. ఈ బోర్డులో ఒక్కోసారి ఆ క్షణం కుదరక తప్పు నంబరు రాసుకుంటుంది. లినక్స్ వెళ్లి సున్నా నంబరు ఇంటి తలుపు కొడుతుంది. లోపల ఎవరూ లేరు. చిప్పు మాత్రం పక్కింట్లో హాయిగా కూర్చుని ఉంటుంది. రీసెట్ మీట నొక్కితే మా బోర్డులో ఆ తప్పు పోలేదు, కరెంటు పూర్తిగా తీసి పెడితేనే పోయింది. ఇది ఈ బోర్డుకి పాత జబ్బేనట, వాడేవాళ్లలో చాలామందికి తెలిసిందేనట. సీనియర్‌కి తెలీదు. కాలిపోయిందని తీర్పు చెప్పేశాడు. మరి అర్ధరాత్రి వానలో గెడ్డ గట్టున ఎవరు తీసి పెడతారే అంటే, దానికి వేరే ఏర్పాటు చేస్తానంది, చేసింది కూడా. అది ఇక్కడ రాస్తే మీ పేజీ సరిపోదు.

ఆ రాత్రి అందరం పడుకున్నాం. ఫాల్ట్ పోయిందనుకున్నాం.

శనివారం పొద్దున్న అసలు కథ మొదలైంది. రూటర్ కింద హాల్లో, బోర్డు మేడ మీద. గెడ్డ దగ్గర వాడదామని కొన్న 20 మీటర్ల కేబుల్ మెట్ల మీంచి లాగి పెట్టాం. రెండు చివర్లా ప్లగ్గులు కేబుల్ అమ్మిన దుకాణంవాడే వేసి ఇచ్చాడు. లైట్లు వెలిగాయి. లింక్ వంద మెగాబిట్ల వేగంలో వచ్చిందని బోర్డు చెప్పింది. అడ్రసూ వచ్చింది. పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని అవతలివాణ్ని పలకరిస్తే, జవాబు వస్తోంది. కానీ ఏదైనా దింపుకోబోతే మాత్రం కదలదు. మూడు శాతం, నాలుగు శాతం, అక్కడే ఆగిపోతుంది. కాసేపటికి తెగిపోతుంది. మళ్లీ మొదలు.

పిల్ల అప్పుడే కార్డు చేతిలోకి తీసుకుంది, నాలుగోసారి తుడవడానికి. నేను ఆ కార్డు లాక్కుని చొక్కా జేబులో వేసుకున్నాను. ‘ఆ గుంటని ఏడిపించకండి’ అని కిందనుంచి మా ఆవిడ.

లాబ్‌లో ఎలా పనిచేసింది అని అడిగాను. అక్కడ మూరెడు తీగతో బాగానే చేసిందంది. ఆ మూరెడు తీగ ఉందా? బ్యాగులో ఉంది. బోర్డుని కిందికి మోసుకెళ్లి రూటర్ పక్కనే పెట్టి ఆ చిన్న తీగతో కలిపాం. రెండు నిమిషాల్లో మొత్తం దిగిపోయింది. ఇంకేముంది, బోర్డూ బాగుంది, రూటరూ బాగుంది. ఇక మిగిలింది తెల్లగా నిగనిగలాడుతున్న ఆ కొత్త 20 మీటర్ల తీగ.

కొత్తదాని మీద అనుమానపడటం పిల్లలకి రాదు. ‘కొత్తది కదా తాతయ్యా!’ అంది. పైగా పక్కవీధి కేబుల్ టీవీ కుర్రాడి దగ్గర టెస్టర్ తెచ్చి చూస్తే ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. ఒకటికి ఒకటి, రెండుకి రెండు, ఎనిమిదికి ఎనిమిది. తీగ ఓకే అన్నాడు కుర్రాడు. టెస్టర్ చెప్పాక ఇంకేం మాట్లాడతాం. నాకూ కాసేపు బుర్ర తిరిగింది, మధ్యాహ్నం భోజనం కూడా సరిగా సయించలేదు.

సాయంత్రం పిల్ల రెండు పరీక్షలు చేసింది. మామూలు పింగ్ చిన్న ముక్క, వెళ్లివచ్చేది 64 బైట్లే. దాన్ని 1400 బైట్లు చేసి కొట్టింది. పదిలో నాలుగు రాలేదు. తర్వాత ‘ఈథ్‌టూల్’ అనేదానితో లెక్కలు తీసింది. సీఆర్‌సీ ఎర్రర్లు అని ఒక వరస ఉంది, మేం చూస్తుండగానే ఆ అంకె పెరుగుతోంది. అంటే ముక్కలు చేరుతున్నాయి, కానీ దారిలో చెడిపోయి చేరుతున్నాయి. ఆ పైన లింకుని వంద నుంచి పదికి తగ్గించి చూసింది. అంకె ఆగిపోయింది. ఫైలు నెమ్మదిగానే అయినా చక్కగా దిగింది.

నెమ్మదిగా మాట్లాడితే వినపడుతోంది, గబగబా మాట్లాడితే కలిసిపోతోంది. తీగ తెగలేదు, షార్టూ లేదు. అప్పుడు వెలిగింది నాకు. క్రాస్ టాక్!

మీ పాఠకుల్లో నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. మనం చుట్టాలతో మాట్లాడుతుంటే మధ్యలో ఎవరో చేపల బేరం వినపడేది. అప్పుడు ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి తిట్టేవారు. చాలాసార్లు కారణం ఏమిటంటే, జాయింట్ వేసేటప్పుడు ఒక జతలో తీగ ఒకటి, పక్క జతలో తీగ ఒకటి తీసుకుని కలపడం. రెండు తీగల్నీ పాముల్లా మెలేసి ఉంచేది అందుకే, బయటి గోల రెండింటి మీదా సమానంగా పడి కొట్టుకుపోతుంది. 1881లో ఈ కిటుకు పట్టింది ఫోన్ కనిపెట్టిన బెల్‌గారే. జత విడగొట్టారా, ఆ మెలిక దండగ. కరెంటుపరంగా చూస్తే తీగ అటు నుంచి ఇటు చక్కగా వెళ్తుంది, బెల్లు మోగుతుంది, మీటర్ పెడితే ఓకే అంటుంది. మాట మాత్రం పక్కవాడి మాటతో కలిసిపోతుంది. ఈ తప్పుని మేం ‘స్ప్లిట్’ అనేవాళ్లం. టెస్టర్ దీన్ని పట్టలేదు, ఎందుకంటే దానికి తెలిసింది తీగ ప్లగ్గులోని ఏ కాలు (పిన్ను) నుంచి ఏ కాలుకి వెళ్లింది అన్నదే. ఎవరి పక్కన ఎవరు నడిచారన్నది దానికి తెలీదు.

ప్లగ్గు పారదర్శకంగా ఉంటుంది, టార్చి పెట్టి భూతద్దంతో చూశాను. ప్లగ్గు బిగుసుకునే మీట మన వైపు కాకుండా వెనక్కి తిప్పి, తీగ కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి కుడికి ఇలా ఉంది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, పచ్చ, తెలుపు-నీలం, నీలం, తెలుపు-గోధుమ, గోధుమ. జతలు పక్కపక్కనే బుద్ధిగా నిలబడి ఉన్నాయి. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! వేసినవాడు తప్పు చేస్తున్నానని కలలో కూడా అనుకుని ఉండడు.

ఉండాల్సింది ఇలా: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. తేడా నాలుగో కాలు, ఆరో కాలు. అంతే. ఈ బోర్డు వంద వేగంలో వాడుకునేది రెండు జతలు. ఒకటీ రెండూ కాళ్లు ఒక జత, మూడూ ఆరూ కాళ్లు ఒక జత. దుకాణంవాడి వరసలో మూడో కాలు మీద పచ్చ జతలో తీగ, ఆరో కాలు మీద నీలం జతలో తీగ. జత విడిపోయింది. పక్కవాడి గోలంతా దాని చెవిలోనే.

మూడు తర్వాత నాలుగు కాకుండా ఆరెందుకు అని పిల్ల అడిగింది. ఇది చెప్పేటప్పుడు నాకు కాస్త గర్వంగా అనిపించింది, దాచుకోను. మధ్యలోని నాలుగూ అయిదూ కాళ్లు మా టెలిఫోన్ జత కోసం వదిలిపెట్టారు. ఫోన్ ప్లగ్గు మధ్యలో ఉండేది ఒకే జత, అదే నీలం జత. రెండో జత దానికి అటొక కాలు, ఇటొక కాలు వేసుకుని నిలబడుతుంది. కంప్యూటర్ వాళ్లు వచ్చి అదే సాకెట్ తీసుకున్నారు, మా వరసా వాళ్లకి వచ్చింది. ఆ రంగులూ మావే. మా కేబుల్లో తెలుపు పక్కన నీలం, నారింజ, పచ్చ, గోధుమ, బూడిద అని ఒక్కో జత వచ్చేది, చేరిన కొత్తలో నిద్రలో లేపి అడిగినా చెప్పించేవాళ్లు. నెట్ కేబుల్లో ఉన్నవి వాటిలో మొదటి నాలుగే. బూడిద జత ఒక్కటే రిటైరైంది, నాలాగా.

ఆదివారం పొద్దున్న కుర్రాడి దగ్గరే ప్లగ్గులు బిగించే క్రింపింగ్ టూల్ తెచ్చి రెండు చివర్లూ కోసేసి కొత్త ప్లగ్గులు వేశాం. మొదటిది నేను వేశాను, రెండోది పిల్ల వేసింది. మెలిక అరంగుళం కంటే ఎక్కువ విప్పొద్దని మాత్రం చెప్పాను. మొదటిసారి దాని వేళ్లకి తీగలు లొంగలేదు, పచ్చ తీగ వెనక్కి జారింది. కోసి మళ్లీ వేసింది. మూడోసారికి ఎనిమిదీ ప్లగ్గు చివరికంటా వెళ్లి రాగి మొనలు మెరిశాయి. బోర్డుకి పెట్టి లింకు మళ్లీ వందకి తెచ్చింది. 1400 బైట్ల పింగ్ వందసార్లు కొడితే వందా వచ్చాయి. సీఆర్‌సీ అంకె ఎక్కడున్నది అక్కడే నిలబడింది. ఆ అంకె కదలకుండా ఉండటాన్ని పిల్ల అయిదు నిమిషాలు చూస్తూ కూర్చుంది. సినిమా కూడా అంత శ్రద్ధగా చూడదు.

కోసిన ముక్కని బ్లేడుతో గీకి చూస్తే ఇంకో సంగతి తెలిసింది. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. రాగి అని డబ్బు తీసుకున్నారు. పొట్టి దూరానికి నడుస్తుంది గానీ రెండుసార్లు మడిస్తే విరుగుతుంది, మన సముద్రపు ఉప్పుగాలికి కోసిన చోట ఎన్నాళ్లు ఆగుతుందో నాకైతే నమ్మకం లేదు. గెడ్డ దగ్గరికి అది వద్దన్నాను. కొనేటప్పుడు చివర కాస్త గీకి చూసి కొనుక్కోండి, దుకాణంవాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకున్నాడు.

సోమవారం కాలేజీలో రెండు చిక్కులొచ్చాయట, సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. లాబ్‌లో తీగ పెడితే లైట్లు వెలిగాయి గానీ అడ్రసు 169.254తో మొదలైంది. అలా వచ్చిందంటే అడ్రసు ఇచ్చేవాడు పలకలేదు, బోర్డు తనకి తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అక్కడి నెట్‌వర్క్ తెలిసిన మెషీన్లకే అడ్రసు ఇస్తుంది. బోర్డు మ్యాక్ నంబరు, పన్నెండు అక్షరాలది, రాసిచ్చి చేర్పించుకుంది. రెండోది, అంతా కలిశాక కూడా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రాలేదు. పింగ్ వెళ్తోంది, ఎర్రర్లు లేవు. ఈసారి పిల్ల తీగ జోలికి పోలేదు, కార్డూ తుడవలేదు. తేదీ చూసింది. ఆ బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు, కరెంటు పోతే టైమ్ మర్చిపోతుంది. లాబ్ ఫైర్‌వాల్ బయటి నుంచి టైమ్ తెచ్చుకోనివ్వలేదు. తేదీ పాతది కావడంతో అవతలి సైట్ చూపించే గుర్తింపు సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదనుకుని బోర్డు తలుపు వేసుకుంది. చేత్తో తేదీ పెట్టింది, నడిచింది. మొత్తం ఇరవై నిమిషాలట. అంతకుముందు వారం రోజులు కార్డు తుడిచిన పిల్లే ఇది.

ఇంతా చేస్తే రివ్యూలో ఎవరూ దీని గురించి ఒక్క ప్రశ్న అడగలేదట. స్లైడ్లలో ఫాంట్ చిన్నదైందన్నారట. కాలేజీ గుర్తు కుడివైపు ఉండాలన్నారట. దుకాణంలో పన్నెండు వేలకి కొనుక్కొచ్చిన పిల్లలకీ దీనికీ మార్కులు దాదాపు ఒకటే వచ్చాయి. నాకు ఒళ్లు మండింది. మా మనవరాలికి మండలేదు, ‘వదిలెయ్ తాతయ్యా, మామూలే’ అంది. అది విన్నాక ఇంకా మండింది.

అయ్యా, పిల్లలు ప్రాజెక్టులు కొనడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఫాల్ట్ వచ్చినప్పుడు ఎటువైపు నుంచి వెతకాలో చెప్పేవాళ్లు లేరు. వెతికినందుకు విలువా లేదు. ఫాల్ట్ రాకుండా ఉండేది కొన్న ప్రాజెక్టే కాబట్టి కొంటున్నారు.

నేను కాలేజీలవాళ్లని అడిగేది పెద్ద ఖర్చు కాదు. మా దగ్గర 198కి కంప్లయింట్ రాగానే డాకెట్ నంబర్ ఒకటి పడేది. లైన్‌మన్ సాయంత్రానికి వచ్చి ఫాల్ట్ ఎక్కడ దొరికిందో రాయించాల్సిందే. డీపీలో, అక్కడి నుంచి ఇంటికొచ్చే డ్రాప్ వైరులో, ఇంట్లోని సాకెట్లో, ఎక్కడైతే అక్కడ. ఊరికే ‘సరిచేశాం’ అంటే టెస్ట్ డెస్క్‌లో కూర్చున్నవాళ్లు ఊరుకునేవారు కాదు. ప్రతి లాబ్‌లోనూ అలాంటి పుస్తకం ఒకటి పెట్టండి. ఏం ఆడలేదు, ముందు ఏం చూశావు, అక్కడ ఏం కనిపించింది, చివరికి ఎక్కడ దొరికింది. ఈ నాలుగు ముక్కలు పిల్లలు తమ చేత్తో రాయాలి. రివ్యూ రోజు స్లైడ్లకంటే ముందు ఆ పుస్తకం తెరిపించి ప్రశ్నలడగండి. కొనుక్కొచ్చినవాడు ఆ పేజీలో ఏం రాస్తాడో నాకూ చూడాలనుంది. దానితో పాటు లాబ్‌లో ఒక క్రింపింగ్ టూల్, గుప్పెడు ప్లగ్గులు, బాగున్నదని తెలిసిన చిన్న తీగ ఒకటి గోడకి మేకు కొట్టి వేలాడదీయండి. ఆ చిన్న తీగే మా ఇంట్లో సగం పని చేసింది. దాన్ని మాత్రం ఎవరూ ఇంటికి పట్టుకుపోకుండా చూసుకోవాలి, మా ఆఫీసులో టెస్ట్ ఫోన్లే మాయమయ్యేవి.

ప్రాజెక్టులు అమ్మే దుకాణాల మీద దాడులు చేయాలని మీ వ్యాసంలో ఎవరో అన్నారు. చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నెల తిరక్కముందే పక్క సందులో ఇంకోటి తెరుచుకుంటుంది.

మా మనవరాలి పెట్టె ఇప్పుడు గెడ్డ గట్టున ఉంది. ఈసారి అసలు రాగి తీగ వేశాం, ప్లగ్గులు రెండూ పిల్లే వేసింది, నేను టార్చి పట్టుకున్నాను. మొన్న రాత్రి వాన పడినప్పుడు నీళ్లు రెండడుగులు పెరిగాయని తెల్లారుజామున ఫోన్‌లో చూపించింది. దుకాణంవాడు వేసిన పాత ప్లగ్గు రెండంగుళాల తీగతో సహా నా చేతిసంచిలో దాచాను. ఏ కాలేజీవాళ్లు పిలిచినా పట్టుకొచ్చి పిల్లల చేతుల్లో పెట్టి తప్పెక్కడుందో కనిపెట్టమంటాను. డబ్బులక్కర్లేదు, బస్సు నాకు ఇంటి ముందే ఆగుతుంది. నా చిరునామా మీ ఆఫీసులో ఇచ్చాను. ఆదివారం పొద్దున్న మాత్రం కుదరదు, పదింటి దాకా చేపల పని ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కేబుల్ జాయింటర్,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం.